ఆరు వేలలో మాండలిన్ కొనడానికి నేను పడిన తంటాలు

అనంతపురంలో కోర్టుకు దగ్గర్లో నాకు చిన్న జిరాక్స్ కొట్టు ఉంది. పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా తల ఎత్తడానికి ఉండదు. రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకోవడమే. ఆ రెండు గంటలూ ఫోన్ చూసి చూసి విసుగొచ్చి, ఏదైనా వాయించడం నేర్చుకుందామని ఈ ఏడాది వేసవిలో అనుకున్నా. నా వయసు 39. సంగీతంలో ఓనమాలు కూడా రావు. చిన్నప్పుడు మా ఊరి పెళ్లిళ్లకు వచ్చే ఆర్కెస్ట్రాలో ఒకాయన మాండలిన్ వాయించేవాడు. పాటలు గుర్తులేవు గానీ, ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ నిలబెడితే వచ్చే ఆ వణుకు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. అదొక కారణం. రెండో కారణం చెబితే నవ్వుతారు: గిటార్ పెట్టుకోవడానికి కొట్టులో చోటు లేదు. మాండలిన్ అయితే కౌంటర్ కింద, పేపర్ బండిల్స్ పక్కన పడుతుంది.

చీటీ పాడగా వచ్చిన డబ్బులో పిల్లల ఫీజులూ పాత బాకీలూ పోగా ఆరు వేలు మిగిలాయి. "ఆరు వేలు నీ ఇష్టం. ఆ పైన ఒక్క రూపాయి కూడా నన్ను అడగొద్దు" అనింది మా ఆవిడ. న్యాయమే.

జూన్ 14 శనివారం సాయంత్రం టవర్ క్లాక్ వైపు ఉన్న ఒక వాయిద్యాల షాపుకు వెళ్లా. హార్మోనియంలు, తబలాలు, డోలక్‌లు, కీబోర్డులు, గోడకు వరసగా గిటార్లు. "మాండలిన్ ఉందా అన్నా?" అంటే "ఎందుకు లేదు" అంటూ లోపలి నుంచి పొడుగాటి పెట్టె ఒకటి తెచ్చి తెరిచాడు. చూస్తే టైప్‌రైటర్‌కు ఉన్నట్టు బటన్లు! అది బెంజో. ఒక చేత్తో బటన్లు నొక్కుతూ రెండో చేత్తో తీగలు మీటుతారు, భజనల్లో చూసుంటారు. "ఇది కాదన్నా" అంటే, "అదీ ఇదీ ఒకటే సార్, సౌండ్ అట్లే వస్తుంది" అన్నాడు. కాదని ఫోన్‌లో ఫోటో చూపించాక, తెప్పిస్తాననీ, 6,800 అవుతుందనీ, ముందు రెండు వేలు కట్టమనీ, పదిహేను రోజులు పడుతుందనీ చెప్పాడు. వచ్చాక నచ్చకపోతే? "తెప్పించినాక వాపసు ఉండదప్పా." దండం పెట్టి బయటపడ్డా.

రెండు రోజుల తర్వాత, జూన్ 16న, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశా. 4,199 రూపాయలు. ఎరుపూ నలుపూ కలిసిన రంగు, ఒక పక్క నత్తగుల్లలా మెలిక తిరిగిన చెక్క, రెండో పక్క కొమ్ముల్లా రెండు మొనలు. దాన్ని ఎఫ్ స్టైల్ అంటారు. పైచెక్కకు ఎఫ్ అక్షరంలాంటి రంధ్రాలుంటాయి కాబట్టి ఆ పేరేమో అనుకున్నా. తర్వాత తెలిసింది, ఆ పేరు ఒళ్లు ఉన్న తీరును బట్టి వచ్చిందట. గుండ్రంగా, నీటిబొట్టులా ఉండే 'ఏ' (A) స్టైల్‌కు కూడా ఎఫ్ రంధ్రాలు ఉండొచ్చు. ఇవన్నీ తెలియకముందే నేను రంగు చూసి పడిపోయా.

జూన్ 23న పెట్టె వచ్చింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. విప్పగానే గుండె గుభేలుమంది. తీగలు వదులుగా వేలాడుతున్నాయి, వాటిని మోసే చెక్కముక్క ఊడిపోయి ప్లాస్టిక్ కవర్లో విడిగా ఉంది. "ఏంది, విరిగినదాన్ని పంపినారా?" అంది మా ఆవిడ. నేనూ అదే అనుకుని కంపెనీకి ఫోన్ చేసి నలభై నిమిషాలు వాళ్ల పాట విన్నా. చివరికి మా పెద్దమ్మాయి ఒక వీడియో వెతికి చూపించింది. మాండలిన్‌కు ఆ బ్రిడ్జిని జిగురుతో అతికించరు. తీగల బిగువుతోనే అది నిలబడుతుంది, దారిలో పైచెక్కకు దెబ్బ తగలకుండా చాలామంది విడిగానే పంపుతారు. మీకూ అట్లా వస్తే కంగారు పడొద్దు. తీగలు మార్చేటప్పుడు కూడా ఎనిమిదీ ఒకేసారి తీయకుండా ఒక్కొక్కటే మార్చుకోవాలనేది ఇందుకే. అన్నీ తీస్తే బ్రిడ్జి పడిపోతుంది, మళ్లీ దాని చోటు వెతుక్కోవాలి.

ఆ చోటు లెక్క సులభమే. మెడ పైకొసన తీగలు గాడిలో కూర్చునే నట్ నుంచి 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దాకా ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జికి దాదాపు అంతే దూరం, ఒక పిసరు ఎక్కువ. నా టేపుకు 17.6 సెంటీమీటర్లు వచ్చింది. పెట్టా, నిలబడింది. ఆ రాత్రి నాకంటే పెద్ద మెకానిక్ అనంతపురం జిల్లాలో లేడు.

మర్నాడు శ్రుతి చేయడం మొదలుపెట్టా. ఎనిమిది తీగలు, కానీ రెండేసి జంటలుగా నాలుగే స్వరాలు: లావు వైపు నుంచి జీ, డీ, ఏ, ఈ (G, D, A, E). ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ పెట్టుకుని ఒక్కో తీగా బిగిస్తూ సన్న తీగ దాకా వచ్చా. అది 'ఈ' అని చూపించాలి. చూస్తే ఎఫ్ అని ఉంది. ఇంకొంచెం బిగిస్తే 'ఈ' వస్తుందనుకున్నా. జీ అని పడింది. ఇంకొంచెం. ఠప్పున తెగి నా కుడి చేతి కణుపుల మీద వాత పెట్టింది. ఏబీసీడీలు వచ్చినవాడికి 'ఈ' దాటిపోయాకే ఎఫ్ వస్తుందని తట్టలేదా అంటే, ఆ క్షణంలో తట్టలేదు.

మిగిలిన ఏడు తీగలతో నాలుగు రోజులు కుస్తీ పట్టా. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందంటే, రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి తోసినా తీగకు తగలకుండా అవతలికి పోయాయి. నొక్కితే వేలు కోసుకుపోతోంది. పైగా ఏం వాయించినా అపశ్రుతే. తప్పు నాదా, దానిదా? కొత్తవాడికి అది తెలిసే దారే లేదు. అసలు బాధ అదే. నాకు రాదేమో, ఈ వయసులో ఎందుకొచ్చిన పని అనుకుంటూ రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

నా కొట్టులో స్వరాల కాగితాలు జిరాక్స్ తీయించుకునే వయొలిన్ మాస్టారు ఒకరున్నారు. జూన్ 29 ఆదివారం, మాండలిన్‌ను పాత దుప్పట్లో చుట్టుకుని వాళ్లింటికి వెళ్లా. "నేను మాండలిన్ వాయించను గానీ తీగల వరస వయొలిన్‌దే కదా, చూద్దాం తే" అన్నారు. చేతికి తీసుకుని మొదట బ్రిడ్జి చూసి నవ్వారు. తిప్పి పెట్టానట! పైఅంచులో ఒక్కో జంటకు ఒక్కో చోట మెట్టు ఉంటుంది, లావు తీగకు వేరు, సన్న తీగకు వేరు. తీగలు కొంచెం వదులు చేసి దాన్ని సరిగా పెట్టారు. 12వ ఫ్రెట్ పైన తీగను వేలితో తాకీ తాకనట్టు మీటితే గంటలాంటి నాదం వస్తుంది. తర్వాత అదే చోట గట్టిగా నొక్కి మీటితే అదే స్వరం రావాలి. బ్రిడ్జిని వెంట్రుకవాసి జరుపుతూ ఆ రెండింటినీ కలిపారు. హమ్మయ్య అనుకునేలోపు 1, 2 ఫ్రెట్ల దగ్గర నొక్కి వినిపించారు. శ్రుతి మించి పలుకుతోంది. "నట్ దగ్గర గాళ్లు లోతు కొయ్యలేదు. తీగ ఎత్తులో ఉంది కాబట్టి నొక్కినప్పుడు సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది. అది అరగదీసుకోవచ్చులే. ఇది చూడు" అంటూ తుపాకీ గురి చూసినట్టు మెడను కంటికి ఆనించి నా చేతికిచ్చారు. నేనూ చూశా. మెడ ఒక పక్కకు మెలి తిరిగి ఉంది. "ఇది మాత్రం మన చేతిలో లేదప్పా. పంపించెయ్."

సగం దిగులూ సగం సంతోషం. తప్పు నాది కాదన్నమాట!

కాఫీ తాగుతూ, మాండలిన్ శ్రీనివాస్ వాయించినట్టు కరెంటుది కొంటే ఎట్లా ఉంటుందని అడిగా. ఆయన కొంచెం సేపు మాట్లాడలేదు. శ్రీనివాస్‌ది పాలకొల్లు, 1969లో పుట్టి 2014లో పోయాడు, 45 ఏళ్లకే. ఆయన వాయించింది ఈ ఎనిమిది తీగలది కాదు, ఎలక్ట్రిక్ మాండలిన్‌ను అయిదు విడి తీగలకు మార్చుకున్నాడు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించాలంటే తీగను పక్కకు లాగాలి, జంట తీగలతో అది కష్టం అని వివరించారు. "అది కొంటే దానికి ఆంప్లిఫయర్ కావాలి. నీ ఆరు వేలు ఏమూలకు? ముందు ఇది నేర్చుకో." ఇంకో మాట కూడా చెప్పారు. ఆ నత్తగుల్ల మెలిక చెక్కడానికే పని ఎక్కువ, డబ్బు దానికే పోతుంది, పలికే నాదానికి కాదు. ఈ డబ్బులో 'ఏ' స్టైల్‌ది చూసుకోమన్నారు. చేత్తో పట్టుకుని చూడకుండా కొనొద్దన్నారు.

వాపసు కథ వేరే పురాణం. ఏడు రోజుల గడువు, జూన్ 30తో సరి. ఆ రోజే రిక్వెస్ట్ పెట్టా, సాయంత్రానికి పార్సిల్ పిల్లోడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఫోన్‌లో ఫోటో చూస్తూ వేలితో తీగలు లెక్కపెట్టాడు. ఒకసారి, మళ్లీ ఇంకోసారి. "సార్, ఫోటోలో ఎనిమిది ఉన్నాయి. దీనికి ఏడే ఉన్నాయి. తక్కువుంటే తీసుకోకూడదు సార్, నా జీతంలో కోస్తారు." మెడ వంకర అని చెబితే "అదేమో నాకు తెల్దు సార్, తీగ ఒకటి తక్కువ" అంటాడు. వాడి తప్పేముంది! రేపు మళ్లీ రమ్మని బతిమాలా.

బెంజో చూపించిన షాపుకే పరుగెత్తా. మాండలిన్ తీగలు లేవు, గిటార్ మొదటి తీగ ఉంది, నలభై రూపాయలు. లావు దాదాపు సరిపోతుంది. కానీ గిటార్ తీగ కొసన చిన్న ఇత్తడి పూస ఉంటుంది, మాండలిన్‌కు ఉత్త ఉచ్చు కావాలి. షాపాయన కటింగ్ ప్లయర్ తెచ్చి పూసను అడ్డంగా పట్టుకుని నొక్కాడు. పూస పగిలి రాలిపోయింది, దాని చుట్టూ ఉన్న తీగ చక్కగా ఉచ్చులా మిగిలింది. "ఇట్లే చేస్తారప్పా అందరూ" అన్నాడు. మొదటిరోజు ఈయన మీద పెట్టుకున్న కోపం అక్కడితో పోయింది. జూలై 1న పార్సిల్ పిల్లోడు వచ్చి మళ్లీ లెక్కపెట్టి, "ఇప్పుడు ఎనిమిది" అని తీసుకుపోయాడు. డబ్బు ఖాతాలో పడింది జూలై 11న. ఆ పది రోజులూ గంటకోసారి బ్యాంకు మెసేజ్ చూసుకోవడమే పని.

జూలై 19 శనివారం కొట్టు మూసి, తెల్లవారుజామున అయిదు గంటల బస్సుకు బెంగళూరు బయల్దేరా. పెనుకొండ, బాగేపల్లి దాటేదాకా బాగానే ఉంది, హెబ్బాళ దగ్గర గంట ఇరుక్కుపోయాం. రానుపోను బస్సులకే 720 అయింది.

మొదటి షాపు అద్దాల గది. అక్కడ తక్కువలో తక్కువ 12,500. ఎంత మర్యాదగా చూపించారో అంత మర్యాదగా బయటికొచ్చా. రెండో షాపులో ఆరు వేల లోపు ఒకటే ఉంది, దాని మేకులు తిప్పితే చేతిలో గిరగిరా తిరుగుతున్నాయి గానీ తీగ బిగుసుకోవడం లేదు. మూడోది పాత షాపు. లోపల గూట్లో కూర్చున్న పెద్దాయన నా మాట వినగానే "అనంతపురమా?" అని తెలుగులోకి దిగిపోయాడు. ఆయనది హిందూపురం. మూడు మాండలిన్లు బయటపెట్టాడు, మూడూ కోల్‌కతా నుంచి వచ్చినవే, 'ఏ' స్టైల్‌వే.

మాస్టారు చెప్పినవన్నీ చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నా, కానీ షాపులో బయటికి తీయడానికి సిగ్గేసింది. ఒక్కోదాన్ని కంటికి ఆనించి మెడ చూశా. ఎనిమిది మేకులూ తిప్పి చూశా. బొటనవేలితో మెడ అంచు వెంబడి పాకించి ఫ్రెట్ కొసలు గుచ్చుకుంటున్నాయా అని చూశా. ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటా. తళతళలాడే మొదటిది 7వ ఫ్రెట్ దగ్గర జిర్రుమంది. రెండోది పరవాలేదు గానీ డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు నాదం. మూడోదాని వీపు మీద జానెడు గీత, వార్నిష్ లేచిపోయి ఉంది. దాన్ని మీటితే మాత్రం కాసేపు నిలిచింది. రంధ్రం అంచులో చూస్తే పొరలు పొరలుగా కనపడింది, అంటే పైచెక్క ప్లైవుడ్డే. ఈ ధరకు పొరలు లేని అచ్చమైన చెక్క రాదు, ఆ ఆశ ముందే వదులుకున్నా.

5,800 చెప్పాడు. గీత చూపించి బేరం చేస్తే గుడ్డ సంచితో కలిపి 5,300కు వచ్చాడు. నేను జేబులోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి 12వ ఫ్రెట్ దగ్గర తోశా. ఇక్కడా రెండూ దూరిపోయాయి! ప్రాణం ఉసూరుమంది. పెద్దాయన గట్టిగా నవ్వాడు. "అన్నీ ఇట్లే వస్తాయి బాబూ. ఎనిమిది వేలదైనా ఇంతే. సెట్టింగ్ చేయించుకోవాలి. 400 ఇవ్వు, మా వాడు చేస్తాడు."

రెండు గంటలు పక్కనే స్టూలు వేసుకుని చూశా. అతను గరుకు కాగితాన్ని గరుకు వైపు పైకి ఉండేలా మాండలిన్ పొట్ట మీద పరిచి, బ్రిడ్జి అడుగును దాని మీద ముందుకూ వెనక్కూ రుద్దాడు. పైచెక్క వంపు ఎట్లా ఉందో బ్రిడ్జి పాదం అట్లా అరిగి, మధ్యలో వెలుతురు కూడా దూరనంతగా కూర్చుంది. తర్వాత దారంలాంటి సన్నటి ఆకురాళ్లతో నట్ గాళ్లు ఒక్కొక్కటీ లోతు చేశాడు. రెండు సార్లు గీసి, ఊది, తీగ పెట్టి చూసి, మళ్లీ రెండు సార్లు. చివర్లో బ్రిడ్జికి ఉన్న రెండు చిన్న చక్రాలు తిప్పి ఎత్తు దించాడు. నా బిళ్ల అడిగి తీసుకుని తోశాడు. ఒక్కటే పట్టింది, అదీ కొంచెం బిగువుగా. నొక్కి చూస్తే వేలికి తీగ తగిలిందో లేదో స్వరం పలికింది. ఆన్‌లైన్‌లో కొన్నదానికి కూడా ఇదే చేయించి ఉంటే? మెడ వంకర కాబట్టి లాభం ఉండేది కాదు. కానీ ఇట్లా సెట్టింగ్ చేయించుకోవాలని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

తీగలు మీటే పిక్‌లు మూడు, అరవై రూపాయలు. విడి తీగల సెట్టు 280. ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. బస్సులో దాన్ని పైన పెట్టడానికి మనసొప్పక ఒళ్లోనే పెట్టుకుని వచ్చా.

తర్వాతిదంతా వేళ్ల నొప్పి. మొదటి రెండు వారాలు వేలి కొసల మీద పక్కపక్కనే రెండేసి గీతలు పడేవి. రోజుకు ఇరవై నిమిషాలు మించి కాకుండా పోయింది. కర్ణాటక పద్ధతిలో మొదలుపెడదామని మాస్టారు 'ఏ' తీగల జంటను జీకి, 'ఈ' తీగల జంటను డీకి దించి, వయొలిన్‌లాగే స ప స ప చేసిచ్చారు. దించడమే కాబట్టి తెగే భయం లేదని నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నా. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే స్వరాల మొదటి పాఠాలు. మధ్యాహ్నం రెండింటికి కొట్టులో మొదలుపెడితే పక్క టీ అంగడాయన "ఏమన్నా, నిన్నటిదేనా ఈ రోజు కూడా?" అని పలకరిస్తాడు. నిన్నటిదే.

ఆగస్టు రెండో వారంలో చేతికి ఏదో గుచ్చుకుంటోందని చూస్తే ఫ్రెట్ల కొసలు. బెంగళూరులో నున్నగా ఉన్నవే! మన ఊరి పొడిగాలికి మెడ చెక్క ఎండి ముడుచుకుంటే ఫ్రెట్ల లోహం ముడుచుకోదు కదా, అంచులు బయటికి పొడుచుకొస్తాయట. సబ్బు డబ్బాకు చిల్లులు పొడిచి, తడిపి పిండిన స్పాంజి ముక్క అందులో పెట్టి, సంచిలో వేస్తున్నా. పది రోజులకు కొంత తగ్గింది.

లెక్క చూసుకుంటే మాండలిన్, సెట్టింగ్, తీగలు, పిక్‌లు కలిసి 6,040. బస్సు, ఆ రోజు తిండి 150, గిటార్ తీగ నలభై కలిపితే 6,950. ఈ రెండో లెక్క నేను ఇంట్లో చెప్పలేదు. చొక్కా ఉతకడానికి తీసినప్పుడు జేబులో బస్సు టిక్కెట్లు మా ఆవిడకు దొరికాయి. ఏమీ అనలేదు, టిక్కెట్లు తెచ్చి మాండలిన్ సంచి జేబులో పెట్టింది. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

పోయిన వారం పక్క కొట్టుకు పార్సిల్ ఇవ్వడానికి ఆ పిల్లోడే వచ్చాడు. నన్ను గుర్తుపట్టి లోపలికి తొంగి చూసి, "కొత్తదా సార్?" అంటూ కౌంటర్ మీదున్న మాండలిన్ మీదికి వంగాడు. వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఏడే ఉన్నాయి సార్."

"నిన్ననే తెగింది లేప్పా."